రోజుకి 700 అనుకుంటే 1,388 పోయింది: బామ్మర్ది తిన్నాడా, గూగుల్ తిన్నదా?

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. దాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆయనకి 36 ఏళ్ళు, సొంతూరు సూర్యాపేట దగ్గర. అపార్ట్‌మెంట్ల బాల్కనీలకి పావురాలు రాకుండా నెట్లు కట్టడం, పై అంతస్తుల్లో పిల్లలు పడిపోకుండా స్టీలు వైర్లతో ఇన్‌విజిబుల్ గ్రిల్ బిగించడం ఆయన పని. ఏడేళ్ళుగా అంతా నోటిమాట మీదే నడిచింది. ఒక ఫ్లాట్లో నెట్ కడితే పక్క ఫ్లాటువాళ్ళు నంబరు తీసుకునేవారు. నిరుడు భార్య తమ్ముడు డిగ్రీ అయ్యాక వచ్చి పనిలో చేరాడు. "బావా, ఇప్పుడు జనం వాచ్‌మన్‌ని అడగట్లేదు, గూగుల్‌ని అడుగుతున్నారు. మనం కూడా యాడ్స్ పెట్టాలి" అని ఒక ఏజెన్సీని మాట్లాడాడు. వాళ్ళు "ఫస్ట్ పేజీ గ్యారంటీ" అన్నారట. వాళ్ళ ఫీజు నెలకి 10,000. యాడ్స్ ఖర్చు రోజుకి 700 చొప్పున విడిగా. ఆ డబ్బు బామ్మర్ది తన ఫోన్ నుంచి యూపీఐలో కట్టేవాడు. ఇదంతా పాప స్కూలు ఫీజు కోసం ఈయన భార్య చీటీ ఎత్తి దాచిన లక్షన్నరలోంచి తీసింది.

నాలుగు నెలలు తిరిగేసరికి అందులో 1,40,300 అయిపోయింది. ఏజెన్సీ రిపోర్టులో 310 కన్వర్షన్లు అని ఉంది. ఈయన లెక్కలో వచ్చిన ఫోన్లు 150 దాకా, కుదిరిన పనులు 37. వాటిలో 31 నెట్లు, 6 గ్రిల్స్. సామాను, కూలి, పెట్రోలు పోగా నెట్ పనిలో 1,100, గ్రిల్ పనిలో 6,000 దాకా మిగులుతుంది. ఆ ఇళ్ళ పక్కవాళ్ళ నుంచి మరో 11 నెట్ పనులు వచ్చాయి. జనం ఏం వెతికితే తమ యాడ్ కనబడిందో బామ్మర్ది ఒకసారి ఫోన్లో చూపిస్తే, అందులో 16 మాటలు కాగితం మీద రాసుకుని మనకీ పంపారు.

ఈలోగా ఒక రోజు ఖర్చు 700 కాకుండా 1,388 అని కనబడింది. వెనక్కి చూస్తే అలాంటి రోజులు ఇంకా ఉన్నాయి. "మిగతాది ఎవరి జేబులోకి పోయింది?" అని ఇద్దరు పనివాళ్ళ ముందే అడిగేశారు. కుర్రాడు మారు మాట్లాడకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాడు. రాఖీ పండక్కి వచ్చి, అక్క చేత రాఖీ కట్టించుకుని, అన్నం తినకుండా వెళ్ళాడు. అప్పటినుంచి ఆవిడ ఈయనతో అవసరానికి మించి మాట్లాడట్లేదు.

ఆయన అడిగినవి ఇవి. బామ్మర్ది మోసం చేశాడా? యాడ్స్ ఆపాలా, నడపాలా? నడిపితే ఎంత పెట్టాలి? చివర్లో రాసిన మాట: "చీటీ వాయిదా ఇంకా నెలకి 8,000 కడుతూనే ఉన్నాం. నిద్ర పట్టట్లేదు. టెన్షన్‌లో తాడు మీద ఉన్నప్పుడు కూడా ఫోన్ మోగితే ఎత్తేస్తున్నాను."

*

మొదటి ప్రశ్న తేలితే తప్ప మిగతావి మీ చెవికెక్కవు. అందుకని దాంతోనే మొదలుపెడతాను.

రోజు బడ్జెట్ 700 అని పెడితే గూగుల్ దాన్ని ఆ రోజుకి హద్దు అనుకోదు, సగటు అనుకుంటుంది. ఆదివారం పొద్దున ఎక్కువమంది వెతికితే ఆ రోజు రెట్టింపు దాకా, అంటే 1,400 దాకా ఖర్చు పెట్టొచ్చు. వెతికేవాళ్ళు లేని మంగళవారం 300 దగ్గరే ఆగిపోవచ్చు. అసలు హద్దు నెలకి ఉంటుంది. రోజు బడ్జెట్‌ని 30.4తో గుణిస్తే ఎంతో అంత. ఏడాదిలోని రోజుల్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేదే ఆ 30.4. మీ 700ని గుణిస్తే నెలకి 21,280. నాలుగు నెలలకి 85,120. దాని మీద 18 శాతం జీఎస్టీ 15,322. ఏజెన్సీ ఫీజు 40,000. అన్నీ కలిపితే 1,40,442. మీ చేతినుంచి పోయింది 1,40,300. ఇక ఇందులో బామ్మర్ది తినడానికి ఏం మిగిలింది?

నా లెక్క నమ్మాలని లేదు. యాడ్స్ అకౌంట్లో బిల్లింగ్ అనే చోట కట్టిన ప్రతి రూపాయీ తేదీతో సహా ఉంటుంది. నెలనెలా గూగుల్ ఇచ్చే ఇన్‌వాయిస్ కూడా అక్కడే దొరుకుతుంది. దాన్ని కుర్రాడి యూపీఐ హిస్టరీ పక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎలా చూడాలో, ఎవరు చూడాలో చివర్లో చెప్తాను. అది డబ్బు లెక్క కన్నా కష్టమైన పని.

మీ బామ్మర్ది దొంగ కాదు. అయితే మీ డబ్బు పోయిన మాటా నిజమే. 31 నెట్లకి 34,100, ఆరు గ్రిల్స్‌కి 36,000, పక్కవాళ్ళ 11 పనులకి 12,100. అంతా కలిపి 82,200. పెట్టింది 1,40,300. అంటే 58,100 నష్టం. నిజానికి ఆ పదకొండు పనులు యాడ్ తెచ్చినవి కావు, మీరు కట్టిన నెట్ చూసి వచ్చినవి. కానీ మొదటి ఇంటికి దారి చూపించింది యాడే కాబట్టి దాని ఖాతాలో వేద్దాం, పాపం.

మరి ఎక్కడ పోయింది? మీరు పంపిన ఆ 16 మాటల కాగితం చూడండి. "క్రికెట్ నెట్స్ నియర్ మి". "దోమల నెట్ ధర". "చేపల వల హోల్‌సేల్". "సేఫ్టీ నెట్ ఇన్‌స్టాలర్ జాబ్స్". "షటిల్ నెట్ సైజు". పదహారింటిలో తొమ్మిది మీ పనికి సంబంధం లేనివి. షటిల్ ఆడుకునే కుర్రాడు తెలియక మీ యాడ్ మీద నొక్కాడు, పావురం బొమ్మ చూసి వెనక్కి వెళ్ళాడు, మీకు 34 రూపాయలు ఖర్చు. మీరిచ్చిన లెక్కన క్లిక్కుకి సగటు అదే. 85,000కి దాదాపు 2,500 క్లిక్కులు. 150 ఫోన్లే ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందా?

ఇది ఎవరో చేసిన కుట్ర కాదు. కీవర్డ్, అంటే ఏ మాట వెతికితే యాడ్ రావాలో ఆ మాట, ఇచ్చేటప్పుడు ఇంకేమీ చెప్పకపోతే గూగుల్ దాన్ని బ్రాడ్ మ్యాచ్‌గా తీసుకుంటుంది. అంటే "సేఫ్టీ నెట్స్" అని మీరిస్తే, దానికి దగ్గర అని తనకి తోచిన సెర్చ్‌లన్నింటికీ మీ యాడ్ చూపించే హక్కు తీసుకుంటుంది. ఆ మాటని కోట్స్‌లో పెడితే ఫ్రేజ్ మ్యాచ్, చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్. వల ఇరుకవుతున్నకొద్దీ చెత్త తగ్గుతుంది (నెట్లు కట్టేవారికి వల గురించి నేను చెప్తున్నాను, ఏమనుకోకండి). దీనికి తోడు నెగటివ్ కీవర్డ్స్ ఉంటాయి. క్రికెట్, దోమ, చేప, షటిల్, జాబ్స్, హోల్‌సేల్ అని అక్కడ వేస్తే ఆ మాటలున్న సెర్చ్‌లకి మీ యాడ్ రాదు. ఏకవచనం, బహువచనం విడివిడిగా వేయాలి, ఇంగ్లీషు స్పెల్లింగులోనూ తెలుగులోనూ వేయాలి. వారానికోసారి సెర్చ్ టర్మ్స్ అనే లిస్టు చూసి కొత్త చెత్త కనబడితే అందులోకి తోయాలి. నెలకి 10,000 తీసుకునేవాళ్ళు చేయాల్సిన మొదటి పని ఇది. నాలుగు నెలల తర్వాత కూడా షటిల్ నెట్ వస్తోందంటే ఆ లిస్టు ఎవరూ తెరవలేదని నా అనుమానం. ఇంకో సంగతి, ఆ లిస్టులో అన్నీ కనబడవు. మరీ తక్కువమంది వెతికిన మాటల్ని చూపించడం గూగుల్ 2020లో తగ్గించేసింది.

ఆ 310 కన్వర్షన్ల సంగతి కూడా తేల్చేద్దాం. కన్వర్షన్ అంటే ఏది అనేది అకౌంట్ సెట్ చేసినవాళ్ళ ఇష్టం. ఫోన్ బటన్ నొక్కడం, వాట్సాప్ బటన్ నొక్కడం, పేజీలో అర నిమిషం ఉండటం, ఏదైనా పెట్టుకోవచ్చు. మీ డైరీలో 150 ఫోన్లు, వాళ్ళ రిపోర్టులో 310 అంటే, ఫోన్ కానివి కూడా అందులో కలిశాయన్నమాట. అబద్ధం అననుగానీ, మీకు పనికొచ్చే అంకె కాదు. మీ డైరీనే నమ్మండి.

"ఫస్ట్ పేజీ గ్యారంటీ" అన్నమాట దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. మీ ఇంటావిడకి చీటీ పాట తెలుసు కాబట్టి ఇది ఆవిడకి నాకన్నా బాగా అర్థమవుతుంది. గూగుల్లో ఎవరైనా "ఇన్‌విజిబుల్ గ్రిల్ తెల్లాపూర్" అని కొట్టిన ప్రతిసారీ రెప్పపాటులో ఒక పాట జరుగుతుంది. చీటీలో నెలకి ఒక్క పాటే. ఇక్కడ ప్రతి సెర్చ్‌కీ కొత్త పాట, ఎదురు పాడేవాళ్ళు కూడా ప్రతిసారీ వేరు. అలాంటప్పుడు ఫలానా చోటు మీదే అని ముందే ఎవరు హామీ ఇవ్వగలరు? ఏజెన్సీలు అలా గ్యారంటీ ఇవ్వకూడదని గూగుల్ నియమమే ఉంది.

ఈ పాటలో ఎక్కువ డబ్బు పాడినవాడే గెలుస్తాడనీ లేదు. క్లిక్కుకింత అని సెర్చ్‌లో చోటు అమ్మడం 1998లో అమెరికాలో గోటూ డాట్ కామ్ అనే కంపెనీ మొదలుపెట్టింది. అక్కడ ఎవరు ఎక్కువిస్తే వాళ్ళు పైన. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ తెచ్చి, 2002లో క్లిక్కుల పాటలోకి దిగినప్పుడు ఇంకో సంగతి కలిపింది. యాడ్ మీద జనం నొక్కుతారా అని. ఇప్పుడు అది వెతికినదానికి సరిపోతోందా, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అని కూడా చూస్తుంది. కాబట్టి 30 పాడిన మంచి పేజీవాడు 40 పాడిన చెడ్డ పేజీవాడి కన్నా పైన కూర్చోవచ్చు. కట్టేది కూడా పాడినంతా కాదు, కిందివాణ్ణి దాటడానికి సరిపోయినంతే.

మీ పేజీ నేను చూశాను. పావురాల నెట్లు, గ్రిల్స్, బట్టలారేసే స్టాండ్లు అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. పైన పెద్ద బొమ్మ పావురానిది. మూడేళ్ళ పిల్లాడు గ్రిల్ ఎక్కుతున్నాడని భయపడి అర్ధరాత్రి వెతికే తల్లికి ఆ పావురంతో ఏం పని? ఆవిడ వెనక్కి వెళ్ళిపోతుంది, గూగుల్ అది గమనిస్తుంది, మీ క్లిక్కు ఖరీదు పెరుగుతుంది. గ్రిల్‌కి విడిగా ఒక పేజీ కావాలి. మీరు బిగించిన గ్రిల్ ఫొటోలు నాలుగు, చదరపు అడుగు రేటు, వైరు మందం, ఎన్నేళ్ళ వారంటీ, ఫోన్ నంబరు. అంతే చాలు. నంబరు సరిగ్గా ఉందో లేదో మీరే నొక్కి చూడండి. ఒకప్పుడు మా స్నేహితుడి టెంట్ హౌస్‌కి నేను పెట్టిన యాడ్‌లో ఒక అంకె తప్పు పడింది. మూడు వారాలు ఎవరో పెద్దాయన షామియానాల గురించి ఫోన్లు ఎత్తుతూ కూర్చున్నాడు.

ఇక బడ్జెట్. మీరిద్దరూ దీన్ని తలకిందులుగా మొదలుపెట్టారు. చేతిలో లక్షన్నర ఉంది, రోజుకి 700 అయితే ఇన్ని నెలలు వస్తుంది అని. చేతిలో ఎంత ఉందన్నది బడ్జెట్‌కి మొదలు కాకూడదు. ఒక పనిలో ఎంత మిగులుతుంది అన్నదగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

నెట్ పని తీసుకుందాం. మిగిలేది 1,100. అందులో సగం మీకు మిగలాలంటే ఒక పని తెచ్చుకోవడానికి 550 మించి పెట్టకూడదు. జీఎస్టీ తీసేస్తే క్లిక్కులకి మిగిలేది 466. చెత్తంతా తీసేశాక పది క్లిక్కులకి ఒక ఫోన్, నాలుగు ఫోన్లకి ఒక పని అనుకున్నా, ఒక పనికి 40 క్లిక్కులు. 466ని 40తో భాగిస్తే క్లిక్కుకి పదకొండున్నర రూపాయలు. మీరు కట్టింది 34. ఎంత బాగా నడిపినా నెట్ పనికి ఈ యాడ్స్ గిట్టుబాటు కావు. మీ 31 నెట్లు తెచ్చిన 34,100 చూసి మురిసిపోయారు గానీ, మీ డబ్బు తిన్నది ఎక్కువగా అవే.

గ్రిల్‌కి అదే లెక్క వేయండి. మిగిలేది 6,000. సగం అంటే 3,000. జీఎస్టీ తీసేస్తే 2,542. గ్రిల్ ఖరీదైన పని కాబట్టి నలుగురి బదులు ఐదుగురు అడిగితే ఒకరు కుదురుతారు అనుకుందాం. 50 క్లిక్కులు. క్లిక్కుకి 50 రూపాయల దాకా పెట్టొచ్చు. ఇదీ మీకు యాడ్ పెట్టదగ్గ పని. ఒకే బడ్జెట్లో రెండింటినీ కలిపి వదిలేస్తే చవక పని డబ్బంతా లాగేసింది, ఖరీదైన పనికి మిగల్లేదు.

జీఎస్టీ గురించి ఒక్క మాట. రిజిస్ట్రేషన్ ఉండి మీ బిల్లుల్లో జీఎస్టీ వసూలు చేసేవారైతే యాడ్స్ మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. లేకపోతే, చిన్న వ్యాపారుల కోసం ఉండే కాంపోజిషన్ స్కీములో ఉన్నా సరే, అది పూర్తిగా మీ ఖర్చే. మీ ఉత్తరాన్ని బట్టి మీకు లేదనుకుని లెక్క వేశాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఒకటి, ఇవాళే ఆపెయ్యడం. ఒక్క బటన్. ఆపిన గంటలో మీ యాడ్ ఎక్కడా ఉండదు. రోడ్డు మీద బోర్డు లాగా పది రోజులు వేలాడటం అంటూ ఉండదు. నెలకి తొమ్మిది పనులు తగ్గుతాయి, అందులో ఏడెనిమిది మీకు లాభం లేని నెట్లే కాబట్టి ఇంటి ఖర్చుకి పెద్దగా తేడా రాదు. చీటీ వాయిదా, రెండో టర్మ్ ఫీజు దగ్గరపడిన ఇంట్లో దీనికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ ఖాళీలో డబ్బు ఖర్చులేని పని ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ పేరు రావడానికి బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడం ఉచితం. ఏడేళ్ళ కస్టమర్లలో మీరంటే ఇష్టమున్న పాతికమందికి ఫోన్ చేసి నిజమైన రివ్యూ రాయమనండి. నెట్ పనికి మీకు అదీ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులూ చాలు.

రెండోది, ఏజెన్సీతోనే కొనసాగడం. నాకు నచ్చదు, ఎందుకో చెప్తాను. 21,000 యాడ్స్ ఖర్చు మీద 10,000 ఫీజు అంటే దాదాపు సగం. బడ్జెట్ తగ్గిస్తే ఫీజే యాడ్స్ కన్నా ఎక్కువవుతుంది. ఉంచుకోవాలనే అనిపిస్తే, ఒకసారి సెట్ చేసి ఇవ్వడానికి ఇంత అని మాట్లాడుకోండి, నెలజీతం వద్దు. ఉంచినా మానేసినా ముందు అకౌంట్ మీ పేరు మీదికి తెచ్చుకోండి. అకౌంట్‌కి పది అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు, మీ మెయిల్‌కి అడ్మిన్ యాక్సెస్ ఇవ్వమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. ఖర్చు, క్లిక్కులు, ఎన్నిసార్లు కనబడింది అన్న లెక్కలు కస్టమర్‌కి చెప్పాలని గూగుల్ నియమం. ఇవ్వకపోతే గొడవ పెట్టుకోకండి. మీ మెయిల్‌తో కొత్త అకౌంట్ తెరుచుకోండి. పాత లెక్కలు పోతాయి. అవి షటిల్ నెట్ల లెక్కలే కాబట్టి మరీ బాధపడక్కర్లేదు.

మూడోది, కొంతకాలం ఆపి, తర్వాత మీరే చిన్నగా, గ్రిల్స్‌కి మాత్రమే నడపడం. నేనైతే ఇటే మొగ్గుతాను, కానీ ఇందులోనూ డబ్బు పోవచ్చు. రోజుకి 300 పెడితే నెలకి 9,120, జీఎస్టీతో 10,760 దాకా. క్లిక్కుకి 45 మించకుండా హద్దు పెట్టుకుంటే ఓ 200 క్లిక్కులు. అన్నీ బాగుంటే నాలుగు గ్రిల్స్, 24,000. రెండే కుదిరితే 12,000, ఖర్చు మీద వెయ్యి చిల్లర మిగులుతుంది. ఒక్కటే కుదిరితే నష్టం. కాబట్టి ముందే రాసి పెట్టుకోండి: 200 క్లిక్కులు అయ్యేసరికి రెండు గ్రిల్స్ రాకపోతే ఆపేస్తాను అని. మధ్యలో 40 క్లిక్కులకే ఏమీ రాలేదని కంగారుపడి మార్చకండి, మూడు నెలలు చూద్దాంలే అని సాగదీయనూ వద్దు. కట్టడం మాత్రం నెలకి సరిపడా ముందే వేసే పద్ధతిలోనే ఉంచుకోండి. వేసింది అయిపోతే యాడ్స్ ఆగుతాయి.

ఈ మూడోదానికి వెళ్తే కొన్ని సెట్టింగులు దగ్గరుండి చూసుకోవాలి. కొత్త సెర్చ్ క్యాంపెయిన్ తెరిచేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ అని రెండు చోట్ల ముందే టిక్ పెట్టి ఉంటుంది. అవి గూగుల్ సెర్చ్ బయట వేరే సైట్లలో కూడా మీ యాడ్ చూపించేవి, తీసేయండి. ఊరంతా కాకుండా తెల్లాపూర్, కొల్లూరు, నార్సింగి, కోకాపేట లాంటి కొత్త టవర్లు లేచే చోట్లు, మీ చుట్టుపక్కల మియాపూర్, బాచుపల్లి పెట్టుకోండి. లొకేషన్ దగ్గర "ఆ చోట ఉన్నవాళ్ళకీ, ఆ చోటు మీద ఆసక్తి ఉన్నవాళ్ళకీ" అని ఉంటుంది. మామూలుగా అయితే ఉన్నవాళ్ళకి మాత్రమే అని మార్చమంటాను. మీ పనిలో డల్లాస్‌లో కూర్చుని మియాపూర్‌లో అమ్మానాన్నల ఫ్లాట్‌కి గ్రిల్ వెతికే కొడుకులు కూడా ఉంటారు. అలాంటి ఫోన్లు మీకెన్ని వచ్చాయో గుర్తుచేసుకుని నిర్ణయించుకోండి. బడ్జెట్ అన్ని నెలలూ ఒకటే ఉండాలని కూడా లేదు. గ్రిల్ అడిగేది ఎక్కువగా కొత్త ఇంట్లో దిగేవాళ్ళు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం గృహప్రవేశాల నెలలు. ఆషాఢంలో, మూఢంలో తగ్గించండి, ముహూర్తాలకి మూడు వారాల ముందు పెంచండి. ఇది ఏ ఏజెన్సీ కంప్యూటర్‌కన్నా మీ ఇంటి గోడ మీద క్యాలెండర్ బాగా చెప్తుంది.

అకౌంట్ తెరిస్తే గూగుల్ రికమండేషన్స్ అంటూ బడ్జెట్ పెంచమని, బ్రాడ్ మ్యాచ్‌కి మారమని చెప్తూనే ఉంటుంది. మీ తరఫున తనే మార్చేసే ఆటో అప్లయ్ ఆపేసి ఉంచండి. కొట్టువాడు "ఇంకో కిలో వేయమంటారా" అనడం ఎంత సహజమో ఇదీ అంతే.

డబ్బు ఎక్కడినుంచి అంటారా? చీటీలో మిగిలిన 9,700 మాత్రం ముట్టుకోకండి. అది ఇవాళే మీ ఆవిడ చేతికిచ్చేయండి. నోటిమాట మీద వచ్చే ప్రతి గ్రిల్ పనిలోంచి 1,500 ఒక డబ్బాలో వేయండి. ఏడు పనులు అయ్యేసరికి దాదాపు నెల బడ్జెట్ వస్తుంది, అప్పుడు మొదలుపెట్టండి. ఆలస్యమవుతుంది, అవనీయండి.

ఇక ఇంటి సంగతి. మీ ఉత్తరంలో ఆవిడని అడిగి చీటీ డబ్బు తీశామని ఎక్కడా లేదు. "పెట్టాం" అని ఉంది. ఆవిడ మౌనానికి తమ్ముడి అవమానం ఒక్కటే కారణం అనుకుంటున్నారేమో, నాకలా అనిపించట్లేదు. తన డబ్బు పోయింది, తమ్ముణ్ణి దొంగ అన్నారు, రెండింటిలోనూ తనని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ముందు ఆవిడ దగ్గర పై లెక్కంతా కూర్చుని చెప్పండి. 58,100 నష్టం అని, అది ఎలా పోయిందని. ఆవిడకి చీటీ పాట లెక్కలు నోటికి వచ్చు, మీ ఇద్దరికన్నా ముందే అర్థం చేసుకుంటారు.

కుర్రాడి దగ్గరికి రెండు రకాలుగా వెళ్ళొచ్చు. బిల్లింగ్ కాగితాలన్నీ చూసి తేల్చుకున్నాక వెళ్ళి "నీ తప్పు లేదని తేలింది" అనడం ఒకటి. న్యాయంగానే ఉంటుంది గానీ, అంతవరకు అనుమానించానని చెప్పినట్టే. కాగితాలు చూడకముందే వెళ్ళి "నాకు అర్థంకాక అన్నాను, తప్పయింది, ఆ అకౌంట్ ఎలా చూడాలో నువ్వే చూపించు" అనడం ఇంకొకటి. ఇందులో మీ తల కొంచెం వంగుతుంది. 30.4 లెక్క చూశాక మీకింకా అనుమానం మిగిలిందా? లేకపోతే నేను రెండోదే చెప్తాను. ఎలా వెళ్ళినా, ఆ మాట ఇద్దరు పనివాళ్ళ ముందు అన్నారు కదా, ఈ మాటా వాళ్ళ ముందే అనండి. అతను వెంటనే పనిలోకి రాకపోవచ్చు. వచ్చినా కొన్నాళ్ళు బావా అని పిలవకపోవచ్చు. అతని తప్పూ లేకపోలేదు, నాలుగు నెలలు ఆ సెర్చ్ లిస్టు చేతిలో పెట్టుకుని షటిల్ నెట్ ఎందుకొస్తోందని ఏజెన్సీని అడగలేదు. అది తర్వాత, అన్నం తిన్నాక మాట్లాడుకోవచ్చు.

ఆవిడ ఇంట్లో మిషన్ కుడతారని రాశారు. పగలు వచ్చే ఫోన్లు ఎత్తడం ఆవిడకి ఇష్టమైతే, దాన్ని సాయంగా కాకుండా పనిగా లెక్కగట్టి అప్పగించండి. ఎత్తని ఫోన్ కూడా మీరు డబ్బు పెట్టి తెచ్చుకున్నదే. ఇష్టం లేదంటే యాడ్ కనబడే టైములు సెట్ చేసుకోవచ్చు. మీరు కింద ఉండే పొద్దున 7 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 10 అని. క్లిక్కులు తగ్గుతాయి, కానీ వచ్చిన ఫోన్ వచ్చినట్టు మాట్లాడగలరు.

ఏదెలా ఉన్నా, పన్నెండో అంతస్తులో తాడు మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తకండి. రేపు ఎక్కేముందు దాన్ని కింద పనివాడి చేతికిచ్చి ఎక్కండి.